నగరంపై పరిశోధన: కొలబద్ద ఎవరి చేతిలో ఉండాలి?

నగర పాలనపై పరిశోధన ప్రతిపాదన ఏది తిరగేసినా ‘స్థానికుల భాగస్వామ్యం’ అనే మాట కనిపిస్తుంది. నిధులిచ్చే సంస్థలు అడుగుతాయి కాబట్టి విశ్వవిద్యాలయాలు రాస్తాయి, మున్సిపల్ అధికారులు తలూపుతారు. ఆచరణలో జరిగేది వేరు. ప్రశ్నావళి ఎక్కడో తయారవుతుంది. కాలనీలో చదువుకున్న నలుగురు యువకులను పిలిచి, చేతికి ట్యాబ్ ఇచ్చి ఇంటింటికీ పంపుతారు. కొన్నాళ్లకు నివేదిక విడుదలవుతుంది, ఆ సభకు కాలనీవాళ్లకు పిలుపే అందదు. తక్కువ కూలికి సర్వే చేయించుకుని దానికి భాగస్వామ్యమని పేరు పెట్టడం ఇది.

స్థానికులు పరిశోధనలో ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. అది ప్రజాస్వామ్యమని ఒకరంటారు, ఖర్చు తగ్గుతుందని ఇంకొకరంటారు. రెండూ నిజమే కావచ్చు గానీ అసలు కారణం నా దృష్టిలో ఇంకొకటి ఉంది. ఆఫీసు కొలత ఎక్కడ తప్పుతోందో ఆ వీధిలో ఉండేవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే కొలిచే పద్ధతి ఖరారు కాకముందే వాళ్లను కూర్చోబెట్టాలి. ఖరారయ్యాక పిలిస్తే వాళ్లు అంకెలు మోసుకొచ్చే మనుషులే అవుతారు.

అమెరికాలోని ఫ్లింట్ నగరం ఇందుకు గట్టి ఉదాహరణ. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ నగరం నీటి వనరును మార్చి ఫ్లింట్ నది నీళ్లు తీసుకోవడం మొదలుపెట్టింది. పైపులు తుప్పు పట్టకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం, ఒంటికి విషమైన లోహం, నీళ్లలోకి దిగింది. రంగు మారిన నీళ్లను సీసాల్లో పట్టుకుని జనం సభలకు వచ్చారు. పరీక్షల్లో అంతా సవ్యంగానే ఉందని అధికారులు చెప్పారు.

ఆ పరీక్ష ఎలా చేశారో చూస్తే విషయం తెలుస్తుంది. నమూనా పట్టే ముందు రోజు రాత్రి కుళాయిని కొన్ని నిమిషాలు తిప్పి వదలమని ఇళ్లవాళ్లకు సూచన ఇచ్చారు. అంటే పైపులో నిలిచి సీసం పట్టిన నీళ్లు ముందే బయటికి పోతాయి. ఇచ్చిన సీసాల మూతి సన్నం, ధార చిన్నగా పెడితేనే నిండుతాయి. ధార చిన్నదైతే పైపు గోడల నుంచి రాలే సీసమూ తక్కువే. ఇది చాలదన్నట్టు 2015లో లెక్క కట్టేటప్పుడు రెండు నమూనాలను జాబితా నుంచి తీసేశారు. అవి ఉండి ఉంటే ఫలితం లీటరుకు 15 మైక్రోగ్రాముల చర్యా పరిమితిని, అంటే దాటితే అధికారులు చర్య తీసుకోవాల్సిన హద్దును, దాటేది. అవి లేకపోవడంతో 11 దగ్గర ఆగింది.

ఆ ఏడాది ఆగస్టులో స్థానికులు వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి 300 కిట్లు పంచారు. తెల్లవారి లేవగానే, ఎవరూ కుళాయి ముట్టకముందే మొదటి లీటరు పట్టాలి. కొన్ని సెకన్లు వదిలి రెండో సీసా, ఇంకాసేపు వదిలి మూడోది. నమూనా ఎలా పట్టాలో ఇరుగుపొరుగువాళ్లు ఒకరికొకరు చూపించుకున్నారు. 250కి పైగా కిట్లు తిరిగి వచ్చాయి. అంత మంది అంత శ్రద్ధగా చేసి పంపడం జీతమిచ్చి పెట్టుకున్న సర్వేలలో కూడా అరుదు. ఫలితాలు బయటపడ్డాక అక్టోబరులో నగరం పాత వనరుకే తిరిగి వెళ్లింది. ఇక్కడ జనం చేసింది నీళ్లు పట్టివ్వడం మాత్రమే అనుకుంటే పొరపాటు. ‘మీ పరీక్ష పద్ధతే తప్పు’ అని ముందు అనుమానించింది వాళ్లు, శాస్త్రవేత్తలను పిలిచిందీ వాళ్లే.

ఇలాంటి తెలివిడి కొత్తదేమీ కాదు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా ప్రబలినప్పుడు మ్యాప్ గీసిన డాక్టర్ జాన్ స్నో పేరు అందరికీ తెలుసు. హెన్రీ వైట్‌హెడ్ పేరు అంతగా వినిపించదు. ఆయన అదే పేటలోని చర్చి మతగురువు, ప్రతి ఇంటి గడపా ఎరిగినవాడు. నీటి పంపే కారణమన్న స్నో వాదన ఆయనకు మొదట నచ్చలేదు. దాన్ని తప్పని నిరూపించాలనే ఇల్లిల్లూ తిరిగాడు. ఒకే ఇంటికి పదేపదే వెళ్లి ఎవరు ఏ నీళ్లు తాగారో అడగగలిగిన చనువు ఆయనది. చివరికి పంపుకు ఆనుకున్న 40వ నంబరు ఇంట్లో అందరికన్నా ముందు జబ్బుపడిన పసిపాప సంగతి ఆయన ద్వారానే బయటికొచ్చింది. ఆ ఇంటి మురుగు గొయ్యి బావిలోకి ఊరుతోందని తవ్విచూశాక తేలింది. మ్యాప్ ఒక్కటే ఉంటే ఈ సంగతి దొరికేది కాదు.

పాలనలో ఇంకో రకం తప్పు ఉంది. కొలత తప్పడం కాదు, అసలు లెక్కలోకే రాకపోవడం. 1985లో ముంబయి పేవ్‌మెంట్లపై ఉంటున్నవారిని తొలగించవచ్చని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వాళ్లు గుడిసెవాసుల జాబితాల్లో కూడా లేరు. స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి వాళ్లే తమను తాము లెక్కించుకున్నారు, దాదాపు 6,000 కుటుంబాలు. చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నారని, పనికి నడిచివెళ్లే దూరం కోసమే ఆ చోటు పట్టుకుని ఉన్నారని తేలింది. ‘నిన్నగాక మొన్న వచ్చి రోడ్డు ఆక్రమించినవాళ్లు’ అన్న వాదనకు దీటైన జవాబు అప్పుడే దొరికింది.

పాకిస్తాన్‌లోని కరాచీలో ఒరంగి అనే పెద్ద బస్తీలో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో మొదలుపెట్టిన పనిలో సందు సందుకూ ఇళ్లవాళ్లే డబ్బు వేసుకుని మురుగుకాలువలు కట్టుకున్నారు. తర్వాత కొలతల్లో శిక్షణ పొందిన యువకులు నగరంలోని బస్తీల పటాలు గీశారు. అధికారిక పటంలో ఖాళీగా కనిపించే చోట జనం సొంత ఖర్చుతో వేసుకున్న కాలువలు అప్పటికే ఉన్నాయి. ఉన్నవాటిని చూడకుండా కొత్తవి కట్టాలని గీసే కోట్ల రూపాయల ప్రణాళిక ఎంత దండగో వేరే చెప్పాలా?

అయితే స్థానికులు అనగానే ఒకే గొంతు అనుకోవడం మరీ అమాయకత్వం. సభకు వచ్చేది ఎప్పుడూ ఆ నలుగురే. ఇంటి యజమాని పక్కన కూర్చుంటే అద్దెకున్నవాడు నోరు మెదపడు. పగటిపూట సమావేశం పెడితే కూలికి పోయేవాళ్లు రారు, రాత్రి పెడితే వంటింటి పని ఉన్న ఆడవాళ్లు రారు. ‘మా వీధిలో బస్టాపు వద్దు’ అనేది కూడా స్థానికుల మాటే, దాని వెనుక బయటివాళ్లు రాకూడదన్న కోరిక ఉండొచ్చు. పరిశోధకుడి పని ఇక్కడ మొదలవుతుంది. ఎవరు రాలేదో చూసి, వాళ్ల దగ్గరికి వెళ్లాలి. జనం మాటను పరీక్షించడం జనాన్ని అవమానించడం కాదు. వైట్‌హెడ్ తన సొంత నమ్మకాన్నే పరీక్షకు పెట్టాడు.

డబ్బు సంగతి మాట్లాడటానికి అందరూ మొహమాటపడతారు. సంఘం సమావేశంలో ప్రొఫెసరుకు జీతం నడుస్తుంది, అధికారికి జీతం నడుస్తుంది. రోజు కూలి మానుకుని వచ్చినవాడికి మాత్రం ‘మీ సేవకు ధన్యవాదాలు’. సమయానికి వెల కట్టని చోట మిగిలేది తీరిక ఉన్నవాళ్లే.

అంతకన్నా బరువైనది వివరాలు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న. అనుమతి లేని కుళాయిల పటం నీళ్లు ఇవ్వడానికీ పనికొస్తుంది, కనెక్షన్లు కోయడానికీ పనికొస్తుంది. ఒరంగి పరిశోధనా సంస్థను నడిపిన పర్వీన్ రహమాన్ నగర శివారు భూముల వివరాలను, నీళ్ల దోపిడీని నమోదు చేసేవారు. 2013 మార్చిలో ఆమెను కాల్చి చంపారు. నగర సమాచారం నిరపాయమైన సరుకు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటి నంబర్లతో కూడిన పట్టికను ఎవరికి ఇవ్వాలో, ఎంతవరకు ఇవ్వాలో తేల్చే హక్కు ఆ ఇళ్లవాళ్లదే అని పని మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా ఉండాలి. విశ్వవిద్యాలయాల నైతిక కమిటీలు ఒక్కో మనిషి సంతకం అడుగుతాయి గానీ వీధి మొత్తానికి కలిగే నష్టం వాటి ఫారాల్లో ఎక్కడా రాదు.

ఇక ఫలితం. అమెరికా రచయిత్రి షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లోనే పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్లుగా విడదీసి, అభిప్రాయం అడగడాన్ని మధ్య మెట్లలోనే ఉంచారు. అడిగారు సరే, ఆ తర్వాత ఏం చేశారన్నది ఆమె నిలదీత. మన పరిశోధన ప్రతిపాదనల్లో చాలావరకు ఇంకా ఆ మెట్టు మీదే ఉన్నాయి. నివేదిక అందుకున్న మున్సిపాలిటీ జవాబివ్వాలన్న షరతు ఉండదు, గడువూ ఉండదు.

ఈ విషయంలో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రి నుంచి ఒక పద్ధతి తీసుకోవచ్చు. 1989లో అక్కడ మొదలైన భాగస్వామ్య బడ్జెట్‌లో, అంటే నగర నిధులు ఏ పనులకు పెట్టాలో జనమే సభల్లో చెప్పే పద్ధతిలో, ఏడాది తొలి విడత సభల్లో నిరుడు ఒప్పుకున్న పనుల లెక్క చెప్పేవారు. ఏది పూర్తయింది, ఏది ఆగింది, ఎందుకాగింది అన్నది జనం ముందు పెట్టాకే కొత్త కోరికలకు వెళ్లేవారు. పరిశోధన ఒప్పందంలోనూ అలాంటి క్లాజు ఒకటి పెట్టమని స్థానిక సంఘాలు అడగాలి: నివేదిక ఇచ్చిన ఫలానా రోజుల్లోగా, అదే వీధిలో, సంబంధిత ఇంజినీరు వచ్చి ఒక్కో అంశానికి అవునో కాదో చెప్పాలి. ఆ క్లాజుకు ఒప్పుకోని నగరపాలక సంస్థ సర్వేకు తమ సాయంత్రాలు వెచ్చించాలో లేదో అక్కడివాళ్లే తేల్చుకుంటారు.