పుడితే ఎర్రచందనంగా పుట్టాలి

శేషాచలం కొండల్లో పుట్టబోయేవాళ్లకు నాదొక ఉచిత సలహా. పుడితే ఎర్రచందనంగా పుట్టండి. మానవ జన్మ ఉత్తమమని పెద్దలు చెప్పింది నిజమే కావచ్చు గానీ, పాపం వాళ్ల కాలానికి అంతర్జాతీయ ఒప్పందాలు లేవు.

ఎర్రచందనానికి 1995 నుంచి సైటిస్ రక్షణ ఉంది. అంతరించే ముప్పున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం అది. 1973లో వాషింగ్టన్‌లో కుదిరింది. 180కి పైగా దేశాలు చేరాయి, ఆఫీసు జెనీవాలో. దాని రెండో అనుబంధంలో మన చెట్టు పేరుంది కాబట్టి పర్మిట్ లేనిదే ఒక్క దుంగ కూడా సరిహద్దు దాటకూడదు. మాట వినని దేశంతో సరుకు బేరం ఆపేయమని ఆ ఒప్పందం స్థాయీ సంఘం చెబితే మిగతా దేశాలు ఆపేస్తాయి కూడా. ఎర్రచందనం విషయంలో మన దేశాన్నే ఏళ్ల తరబడి ప్రత్యేక పరిశీలనలో పెట్టి, 2023 నవంబరులో గానీ వదల్లేదు. ఇక పట్టుబడిన దుంగకు జరిగే మర్యాద చూడాలి. తూకం వేస్తారు, నంబరు వేస్తారు, గ్రేడు కడతారు, గోడౌన్‌కు చేర్చి రాత్రీపగలూ కాపలా కాస్తారు.

మనిషి హక్కుల ఆఫీసు కూడా జెనీవాలోనే ఉంది. ఊరొకటే అయినంత మాత్రాన యోగం ఒకటి కావాలని లేదు గదా.

మనిషికి కాగితాలు తక్కువయ్యాయని మాత్రం ఎవరూ అనలేరు. 1948 డిసెంబరు 10న పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన ఆమోదం పొందింది. 48 దేశాలు సరేనన్నాయి, 8 తటస్థంగా కూర్చున్నాయి, కాదన్నది ఒక్కటీ లేదు. మన దేశ ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టకపోతే దాని మొదటి అధికరణంలో ఆడవాళ్లకు చోటే దక్కేది కాదు. మొత్తం 30 అధికరణాల్లో నాకు బాగా నచ్చింది 24వది. పని గంటలకు హద్దు, విశ్రాంతి, జీతంతో కూడిన సెలవులు ప్రతి మనిషి హక్కు అంటుంది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక హోటల్లో సర్వర్ పిల్లోడికి దీన్ని చదివి వినిపించాను. చేతిలో నాలుగు ప్లేట్లతో నిలబడి శ్రద్ధగా విన్నాడు. "సెలవుకు జీతమా సామీ? యా ఊర్లో?" అన్నాడు. పారిస్‌లో అన్నాను. "అంత దూరం ఎవరు పోతారు సామీ" అని సాంబారు తేవడానికి వెళ్లిపోయాడు.

ఈ హక్కులన్నీ అమలవుతున్నాయో లేదో చూడటానికి 2006లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి పెట్టారు. 47 దేశాలకు సీట్లు. అంతకు ముందు కమిషన్ అని ఒకటుండేది. గడాఫీ పాలిస్తున్న లిబియాకు 2003లో దాని అధ్యక్ష పీఠం దక్కింది. అది చూసి లోకం నవ్వుతోందని కమిషన్‌ను మార్చి మండలి చేశారు. మండలిలో ఇప్పుడు నాలుగున్నరేళ్లకోసారి ప్రతి దేశాన్నీ కూర్చోబెట్టి మూడున్నర గంటలు సమీక్షిస్తారు. తోటి దేశాలు ఒక్కో నిమిషం మాట్లాడతాయి. అందులో సగం నిమిషం అభినందనలకే సరిపోతుంది. మిగిలిన సగంలో సిఫారసులు చేస్తారు. 2022 నవంబరులో మన వంతు వచ్చినప్పుడు 130 దేశాలు కలిసి 339 సిఫారసులు చేశాయి.

సిఫారసు విలువ తిరుపతి వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు, కింద సంతకం ఉంటే చాలు, బ్రేక్ దర్శనానికి దారి దొరుకుతుంది. ఒక్క సిఫారసుకే ఇంత జరిగే ఊరి నుంచి చూస్తే 339 సిఫారసులు చేతిలో ఉన్నవాడు ఏడాది పొడవునా స్వామి ఎదురుగానే ఉండాలి. జెనీవా సిఫారసుకు ఆ మహిమ లేదు. ఇష్టమైతే ఒప్పుకోవచ్చు, కష్టమైతే నోట్ చేసుకున్నామని చెప్పి లేచి రావచ్చు. చిత్రహింసల నిషేధ ఒప్పందమే చూడండి. మనవాళ్లు 1997 అక్టోబరులో సంతకం పెట్టారు, దానికి కట్టుబడతామనే ధ్రువీకరణ మాత్రం ఇప్పటికీ చెయ్యలేదు. సమీక్ష జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు గుర్తుచేస్తారు, మనం నోట్ చేసుకుంటాం. అయినా జెనీవా నుంచి ఉత్తరం వస్తే ఆఫీసుల్లో కాస్త టెన్షన్ ఉంటుంది. జవాబు ఇంగ్లీషులో టైపు చేయించాలి గదా.

సిఫారసులు కావు, వారెంట్లే ఇస్తామంటూ ది హేగ్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2002 నుంచి పనిచేస్తోంది. 2023 మార్చిలో పుతిన్ మీద వారెంట్ జారీ చేసింది. మరుసటేడు ఆయన ఆ కోర్టు సభ్య దేశమైన మంగోలియాకే వెళ్లి, సైనిక వందనం స్వీకరించి ఇంటికొచ్చాడు. ఇంతకు మించి చెప్పడానికి అక్కడేమీ లేదు.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలం అడవిలో ఎర్రచందనం దొంగరవాణాను అడ్డుకునే పోలీసు టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. రాళ్లతో, కొడవళ్లతో తమ మీద పడ్డారని, ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పారు. జాతీయ మానవ హక్కుల సంఘం తనంతట తానే కేసు తీసుకుంది. 1993 నాటి చట్టం ఆ సంఘానికి ఇచ్చిన ఆయుధం ఏమిటంటారా? మళ్లీ సిఫారసే. ఆ రోజు ఫొటోల్లో శవాల పక్కన ఎర్రచందనం దుంగలూ ఉన్నాయి. దుంగ ఏ ఒప్పందంలో, ఏ అనుబంధంలో ఉందో అడిగితే ఫారెస్టు వాళ్లు నిద్రలో లేపినా చెబుతారు.

అందువల్ల నా ప్రతిపాదన ఏమంటే, మనిషిని కూడా సైటిస్ రెండో అనుబంధంలో చేర్చాలి. కూలీని ఘాటు దాటించే ఏజెంటు దగ్గర పర్మిట్ ఉండాలి. ఎన్ని తలలు కొండ ఎక్కాయో, ఎన్ని దిగాయో రిజిస్టరులో రాసి ఏటా జెనీవాకు పంపాలి. లెక్క తప్పితే బేరం బంద్.

చిక్కల్లా అర్హత దగ్గరే. 2022లోనే 800 కోట్లు దాటిన జీవికి అంతరించే ముప్పుందని నిరూపించడం కష్టం. దానికీ దారి లేకపోలేదు. ఒకే జీవిని ప్రాంతాన్ని బట్టి వేర్వేరు అనుబంధాల్లో పెట్టొచ్చు, ఆఫ్రికా ఏనుగులకు అట్లాగే చేశారు. మనిషి జాతి మొత్తం వద్దు, తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి కూలికి వచ్చే వాళ్లను మాత్రం చేర్చమని అడుగుదాం. ప్రతిపాదన పెట్టే హక్కు సభ్య దేశ ప్రభుత్వానికే ఉంటుంది కాబట్టి ఢిల్లీయే సంతకం పెట్టాలి. పెడుతుందనే నా నమ్మకం. సంతకాల దగ్గర మనవాళ్లు ఎప్పుడూ వెనకాడలేదు, 1997లో చూశాం గదా.