కాలు ఎత్తకు!

(పర్లాకిమిడిలో ఓ ఇంటి వాకిలి. కారు వెనక ఎడమ చక్రం విప్పేసి, కింద స్టాండు పెట్టి ఉంది. ఇద్దరూ కలిసి బ్రేక్ ఆయిల్ మారుస్తున్నారు. సింహాచలం నేల మీద, నీలవేణి స్టీరింగు ముందు.)

నీలవేణి: ఏవండీ, ఆ సీసా ఏటి? సీలు లేదు.

సింహాచలం: పోయినేడు వాడగా మిగిలిందే. డబ్బులెట్టి కొన్నది పారబొయ్యమంటావా?

నీలవేణి: మూత తీసిన బ్రేక్ ఆయిల్ చెమ్మ పీల్చుకుంటాది. మన డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టిందా, 155కే మరిగిపోవచ్చు. తప్తపాణి ఘాట్ దిగినప్పుడు మీరు గేరు దించరు, బ్రేకు మీదే కాలేసుకు కూర్చుంటారు. లోపల ఆవిరి బుడగలు కట్టిందంటే పెడల్ నేలకి పోద్ది.

సింహాచలం: అయితే డాట్ 5 పోస్తే పోలేదా?

నీలవేణి: అది సిలికాన్‌ది, దీంతో కలపకూడదు. బండిలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 4 అనే ఉంది. అర లీటరువి రెండు కొత్త సీసాలు సీటు కింద పెట్టాను.

సింహాచలం: సర్లే. డబ్బాలో పాతది సిరంజితో లాగీసి, కొత్తది మాక్స్ గీత దాకా పోసీసాను. గొట్టమేది? సెలైన్ గొట్టం సన్నం, చక్రం దగ్గర ఆయిల్ వదిలే నిపుల్‌కి ఎక్కట్లేదు.

నీలవేణి: చేపల తొట్టి గొట్టం అక్కడే ఉంది. రెండో చివర సీసాలో కొంచెం కొత్త ఆయిల్ పోసి ముంచండి. ఎడమ వెనకదే ముందని బండి పుస్తకంలో చూశారా?

సింహాచలం: చూశానే తల్లీ! రింగ్ స్పానరే తెచ్చాను, నోరు తెరిచుండే స్పానరైతే నిపుల్ మూలలు అరిగిపోతాయి. ఊఁ, తొక్కు. తొక్కి పట్టుకో.

(పావు చుట్టు విప్పాడు. డికాషన్‌లాంటి ఆయిల్ గొట్టంలోకి జారింది. పెడల్ దిగి, కింద పెట్టిన చెక్క ముక్కకి ఆనింది.)

నీలవేణి: ఈ చెక్క ఎందుకండీ, అడ్డం?

సింహాచలం: పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పాతది. అందులో పిస్టన్ రోజూ అంత లోతుకి పోదు, అడుగున మురికీ తుప్పూ ఉంటాది. అక్కడిదాకా తోస్తే రబ్బరు సీళ్ళు కోసుకుపోతాయి.

నీలవేణి: మంచిది. మరి బరంపురంలో మా చెల్లి గృహప్రవేశానికి ఎల్తామా, లేదా? చెప్పండి, కాలు ఎత్తీగలను.

సింహాచలం: ఓలమ్మో! ఎత్తకే! నిపుల్ తెరిచుంది!

నీలవేణి: గొట్టం మునిగే ఉంది కదా. లాక్కున్నా ఆయిలే లాక్కుంటాది.

సింహాచలం: నిపుల్ మరచుట్ల సందులోంచి గాలి లోపలికి పోద్దే! (గబగబా బిగించాడు.) ఆఁ, ఇప్పుడెత్తు. గృహప్రవేశం తర్వాత.

నీలవేణి: దొంగ! సరే, అయిదారు తొక్కులకోసారి లేచి డబ్బా చూడండి.

సింహాచలం: ఉంటాదిలే.

నీలవేణి: అడుగంటి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌లోకి గాలి పోయిందంటే, మీరు పొద్దుగూకులూ పంపు కొట్టినా రాకపోవచ్చు. షెడ్డుకి తీసుకెళ్ళి స్కానర్ పెట్టించాలి. లెగండి!

(లేచి పోస్తుండగా ఫెండర్ మీద ఓ చుక్క. చేతిగుడ్డతో తుడవబోయాడు.)

నీలవేణి: తుడవకండి, పెయింటు లేచిపోద్ది!

(డబ్బా మూత గట్టిగా బిగించి, చెంబుడు నీళ్ళు గుమ్మరించింది. సగం ఫెండర్ మీద, సగం ఆయన మీద.)

సింహాచలం: నా మీద పడలేదే ఆయిల్!

నీలవేణి: చొక్కా మీద పడిందేమోనని.

(గొట్టంలో బుడగలు ఆగాయి. ఆయిల్ లేత తేనె రంగుకి తిరిగింది. నిపుల్ బిగించి, రబ్బరు టోపీ పెట్టి, కుడి పక్కకి పాక్కుంటూ వెళ్ళాడు.)

సింహాచలం: తొక్కు. పట్టుకో. విప్పుతున్నాను.

నీలవేణి: ఆదివారం పొద్దున్నే ముహూర్తం. శనివారమే బయల్దేరాలి.

సింహాచలం: ఎల్దామే, ఎల్దాం! శుక్రవారమే ఎల్దాం! పెడల్ ఒదలకు!