భార్యావిధేయుడు అంటే తిట్టా?

సాయంత్రం ఆరింటికి ఆఫీసులో బ్యాగు సర్దుకుంటున్న మనిషికి ఫోన్ వస్తుంది. 'బయల్దేరా, పాలు నేనే తెస్తాలే' అంటాడు. పక్క సీట్లోంచి 'భార్యావిధేయుడు!' అని ఒక మాట పడుతుంది. అందరూ నవ్వుతారు. అతనూ నవ్వేస్తాడు. మర్నాటి నుంచి మాత్రం ఫోన్ మోగితే వరండాలోకి వెళ్లి మాట్లాడతాడు.

ఈ మాట మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. భర్త చెప్పినట్టల్లా నడుచుకుంటే పతివ్రత అని చేతులు జోడిస్తాం. భార్య మాట విన్నవాడికి మాత్రం వెక్కిరింపే. రాముణ్ని ఏకపత్నీవ్రతుడంటాం కానీ, అది పరస్త్రీని తలవకపోవడం గురించిన మాట. పెళ్లిపీటల మీద 'ధర్మేచ అర్థేచ కామేచ నాతిచరామి' అని వరుడి చేతే అనిపిస్తాం. ఈమెను కాదని అడుగు వేయనని దాని అర్థం. ఆ మాట నిలబెట్టుకున్నవాణ్నే కొంగు పట్టుకు తిరుగుతున్నాడంటాం.

'పెళ్లాం బెల్లం, తల్లి అల్లం' అనే సామెతలో ఉమ్మడి కుటుంబపు భయం వినిపిస్తుంది. కొడుకు చేజారితే సంపాదనా చేజారుతుందని. అందుకే దెబ్బ అతనితో ఆగదు. 'వాడికి మందు పెట్టింది' అంటూ కోడలి మీద పడతారు. కన్నవాళ్లకు అన్నం పెట్టని కొడుకుంటే ఆ తప్పు అతనిది. ఆమె నెత్తిన రుద్దడం అన్యాయం.

కేంద్రం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. ఆరేళ్లు దాటిన మగవాళ్లలో జీతం లేని ఇంటిపనిలో చెయ్యి పెట్టేది 26.1 శాతమే. ఆ చేసేవాళ్లు కూడా రోజుకు 97 నిమిషాలు, ఆడవాళ్లు 299. ఇలాంటి దేశంలో భార్యకు మితిమీరి లొంగిపోయిన భర్తలు ఎక్కడున్నారు? బాల్కనీలో తడి చీర ఆరేస్తూ, ఎదురింటి తలుపు చప్పుడవగానే క్లిప్పులు అక్కడే పడేసి లోపలికి తప్పుకునే భర్త మనకు తెలుసు. చేతకాక కాదు, మాట పడాల్సి వస్తుందని.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం పదవులు మహిళలవే. భార్య సర్పంచిగా గెలిస్తే కుర్చీలో భర్త కూర్చునే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సంతకం ఆమెది, పెత్తనం అతనిది. పక్కకు తప్పుకుని ఇంట్లో పిల్లల్ని చూసుకుంటే రచ్చబండ దగ్గర తననేమంటారో అతనికి బాగా తెలుసు. ఆ మాట అనడం మానేస్తే, ఆమె కుర్చీ ఆమెకు దక్కడానికి ఒక అడ్డం తగ్గుతుంది.