ఇంగ్లిషు ఉచ్చారణకు పరుషాలు, సరళాల దారి

ఉపాధ్యాయుల శిక్షణలో ఇంగ్లిషు ధ్వనిశాస్త్రం పాఠం చాలాసార్లు ఒకే తీరున మొదలవుతుంది. అక్షరాలు 26, బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో ధ్వనులు 44 అని చెప్పి, తలకిందులైన ‘e’, తోక ఉన్న ‘n’ లాంటి గుర్తులతో నిండిన పట్టికను ముందు పెడతారు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయురాలు కూడా దాన్ని చూసి బెదిరిపోతారు. అంత బెదురు అక్కర్లేదు. అందులో చాలా భాగాన్ని తెలుగు వ్యాకరణం ఆమెకు ఎప్పుడో నేర్పింది.

పరుషాలైన క, చ, ట, త, ప వరుసగా పలికి చూడండి. నోటి లోపలి కొసన మొదలైన ధ్వని అంగిలి మీదుగా, దంతాలు దాటి, పెదవుల దగ్గర ఆగుతుంది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని మనం బట్టీ పట్టినవన్నీ ఉచ్చారణ స్థానాల పేర్లే. 1886లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం పట్టిక కూడా ఇదే దారిలో నడుస్తుంది, కాకపోతే పెదవుల నుంచి గొంతు వైపు. భారతీయ వ్యాకర్తలు లేకుండా తమ 19వ శతాబ్దపు ధ్వనిశాస్త్రాన్ని ఊహించడమే కష్టమని బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1946లో రాశారు.

ఈ పరిచయం తరగతిలో ఎంత పని చేస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. భూతకాల క్రియను పిల్లలు ‘వాకెడ్’ అని చదువుతారు. అది తప్పని టీచరుకు తెలుసు, కానీ కారణం చెప్పలేరు. ఆ కారణం సరళాదేశ సంధి చదివినవారికి అందుబాటులోనే ఉంది. పూచెను, కలువలు కలిస్తే ‘పూచెనుఁ గలువలు’ అయింది. నాదం, అంటే గొంతు అదురు, ఉన్న నకారం పక్కన చేరి పరుషమైన ‘క’ సరళమైన ‘గ’గా మారింది. ఇంగ్లిషులో ఇదే పొత్తు ఎదురు దిశలో జరుగుతుంది. ‘వాక్’ చివర పరుషం ఉంది కాబట్టి వెనక చేరిన ‘డ్’ కూడా పరుషమై ‘వాక్ట్’ అవుతుంది. ‘ప్లే’, ‘కాల్’ చివర నాదం ఉంది కనుక ‘ప్లేడ్’, ‘కాల్డ్’. చివర ట్, డ్ ఉన్న ‘వాంట్’, ‘నీడ్’ లాంటి మాటలకే మధ్యలో అచ్చు వస్తుంది. బహువచనాల్లోనూ ఇదే సూత్రం. ‘క్యాట్స్’ చివరి ధ్వని పలుకుతూ గొంతు మీద రెండు వేళ్లు ఆనిస్తే అలికిడే ఉండదు. ‘డాగ్స్’ చివరిది ఇంగ్లిషువారిలా తేనెటీగ రొదలా పలికితే వేళ్ల కింద గొంతు అదురుతుంది. మూడో తరగతి పిల్లలు కూడా ఈ తేడాను వేళ్లతో పట్టుకోగలరు.

ధ్వనికీ వర్ణానికీ తేడా చెప్పడానికి కూడా మన మాటలే మేలు. కరము అంటే చేయి, ఖరము అంటే గాడిద. ఒత్తు మారితే అర్థం మారింది. ఇంగ్లండువారు ‘క్యాట్’ అన్నప్పుడు ‘క్’ వెంట దాదాపు మన ఖకారంలా ఊపిరి తన్నుకొస్తుంది, ‘స్కై’లో రాదు. అయినా అర్థం మారదు గనుక వారి చెవికి రెండూ ఒకటే వర్ణం.

తెలుగు చేయి వదిలేసే చోటు కూడా ఉంది, అసలు శ్రమ అక్కడే పడాలి. పదం, పాదం అన్నప్పుడు మనకు అర్థాన్ని మార్చేది దీర్ఘం. ఇంగ్లిషులో ఆ బరువులో చాలా భాగాన్ని ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, మోస్తుంది. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరం మీద, ‘ఫోటోగ్రఫీ’లో రెండో దాని మీద, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడో దాని మీద పడుతుంది. ఊనిక తప్పిన అచ్చు నీరుగారి, పొట్టిగా, ఏ రంగూ లేని ఒక ధ్వనిగా మిగులుతుంది. ‘బనానా’లో మొదటి, చివరి అచ్చులు అవే. ఇంగ్లిషులో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఈ అచ్చుకు తెలుగు లిపిలో అక్షరం లేదు. ప్రతి అచ్చుకూ నిండు విలువ ఇవ్వడం మన భాష అందం. ఆ అలవాటుతోనే ఇంగ్లిషు వింటాం కాబట్టి, చదివితే తెలిసిన మాట కూడా వింటే అందకుండా పోతుంది.

అందుకే శిక్షణ గంటలను మన ‘ట’ను ఇంగ్లండు ‘ట’గా మార్చడానికి ఖర్చు చేయడం నాకు సమ్మతం కాదు. తెలుగు యాసతో పలికిన ఇంగ్లిషు ఎదుటివారికి హాయిగా అర్థమవుతుంది. ఊనిక తారుమారైతేనే చిక్కు. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలైన నేటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) హైదరాబాదులోనే ఉంది. పరుషాలు, సరళాల పరిభాషలో, ఊనికకు సగం పేజీలు కేటాయించి, టీచర్ల కోసం ఒక చిన్న తెలుగు పుస్తకం సిద్ధం చేయడానికి ఇంతకన్నా తగిన చోటు లేదు.