ట్రై పాఠంలో మన అక్షరాలేవి?

పర్లాకిమిడిలో మా చిన్న మావయ్యకి కిరాణా షాపు ఉంది. అరువు ఖాతాలు ఆరువందల పైమాటే. పొద్దున పూట మావయ్య పేర్లు తెలుగులో రాస్తాడు, సాయంత్రం కూర్చునే కుర్రాడు ఒడియాలో రాస్తాడు. మా ఊరు 1936లో ఒడిశాలో కలిసింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రలో ఉంది, పద్దు పుస్తకంలో మాత్రం అందరూ ఉంటారు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు వీటన్నిటికీ ఒక యాప్ రాశాను. రెండక్షరాలు కొడితే ఆ మొదలున్న పేర్లన్నీ కనిపించాలి.

ట్రై అంటే పేర్లని అక్షరం తర్వాత అక్షరంగా చెట్టు కొమ్మల్లా పేర్చే పద్ధతి. కాలేజీలో నేర్పిన ట్రై కోడ్ ఉన్నదున్నట్టు దించాను. మొదటి పేరు ఎక్కించగానే ప్రోగ్రాం ఆగిపోయింది. ఆ కోడ్‌లో నోడ్‌కి, అంటే చెట్టులో కొమ్మలు చీలే ఒక్కో చోటుకి, 26 గదులు, ఇంగ్లీషు అక్షరానికొకటి. వచ్చిన అక్షరం నంబరులోంచి ఇంగ్లీషు చిన్న ‘ఎ’ నంబరు 97 తీసేస్తే గది నంబరు వస్తుంది. అన్ని లిపుల అక్షరాలకీ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు ‘ర’ నంబరు 3120. అందులోంచి 97 పోతే 3023. అలాంటి గదే లేదు.

నా కోపమంతా ఆ పాఠం మీదే. నేను చూసిన తెలుగు వీడియోల్లోనూ అదే 26. ఆరువందల పేర్లకి ట్రై ఎందుకు, వరసగా వెతికినా ఫోన్‌కి లెక్క కాదంటారు. నిజమే. నా బాధ వేగం గురించి కాదు. తమ పేరే పట్టని కోడ్‌ని బట్టీపట్టి ఇంటర్వ్యూకి వెళ్తున్న పిల్లల గురించి. వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది!

1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్‌కిన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ‘రిట్రీవల్’ (వెతికి తీయడం) అనే మాటలోంచి ట్రై అన్న పేరు తీశాడు. ఆ ఆలోచనలో 26 అనే అంకె లేనే లేదు. ఒకే మొదలున్న మాటలు ఒకే దారిన నడిచి, తేడా వచ్చిన చోట చీలిపోతాయి, అంతే. రామారావు, రామచంద్ర, రాజేశ్వరి ‘రా’ దాకా కలిసే వస్తారు, అక్కడ ‘మ’ ఒక కొమ్మ, ‘జ’ ఒక కొమ్మ. గుణింతం దిద్దిన పిల్లకి ఇది కొత్తేం కాదు. ‘క’కి గుడిస్తే కి, కొమ్మిస్తే కు. యూనికోడ్‌లోనూ ‘కి’ అంటే రెండు నంబర్లు. ‘క్రి’ అంటే నాలుగు: క, పొల్లు, ర, గుడి. అందుకే ‘రామ’ కొడితే రామ్మూర్తి కూడా దొరుకుతాడు.

ఇంకో సంగతి చూసి నాకైతే ఒళ్ళు పులకరించింది. ఒడియా ‘ర’ నంబరు 2864. మన ‘ర’కీ దానికీ తేడా సరిగ్గా 256. ‘మ’ తీసుకున్నా, ‘క’ తీసుకున్నా అదే తేడా. మన లిపులకి యూనికోడ్, అంతకుముందు మన దేశంలో చేసిన ఇస్కీ అనే కోడ్ వరసనే పాటించింది మరి. నంబరుని 128తో భాగించి శేషం తీసుకుంటే రెండు ‘ర’లకీ 48 వస్తుంది. ఒక్క చెట్టులోనే రెండు లిపులూ ఇమిడిపోయాయి. నోడ్‌కి 128 గదులు కట్టి ఖాళీగా ఉంచడం దండగ కాబట్టి, ఉన్న కొమ్మల్నే దాచే హాష్ మ్యాప్ పెట్టాను.

మావయ్య ‘ప్రధాన్’ అని పొల్లుతో రాస్తాడు, కుర్రాడు పొల్లు లేకుండా రాస్తాడు. ‘ప్రధా’ దాకా దారి ఒకటే కాబట్టి ఇబ్బంది రాలేదు. వెంకటరావు దగ్గర మాత్రం ఒక రాత్రంతా పట్టింది. కుర్రాడు ‘భే’తో రాశాడు, పైగా ఒడియాలో ఎత్వం, ఏత్వం వేరు కావు. చివరికి వ, బ, భ మూడింటినీ ఒకే కొమ్మకి కట్టాను, ఎత్వాన్నీ ఏత్వాన్నీ కలిపేశాను.

తెల్లారి మావయ్య “ఒరే, వెంకటరావు పద్దు ఏదిరా?” అన్నాడు. ఫోన్ చేతికిచ్చాను. ‘వె’ కొట్టగానే ఒడియాలో రాసిన పేరు వచ్చింది. పక్కన బాకీ.