కథల గడ్డ మీద నవలకు క్యాలెండరు కావాలి

చాసో, రావిశాస్త్రి, కారా మాస్టారు (కాళీపట్నం రామారావు). కథ అనగానే ఉత్తరాంధ్ర వైపు ఎందుకు చూస్తారో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. అంత చేయి తిరిగిన నేల మీద కొత్తగా నవలకు దిగినవాళ్లు నలభయ్యో పేజీ దగ్గర ఎందుకు చతికిలబడుతున్నారన్నదే ప్రశ్న. భాష రాక కాదు, యాస రాక అంతకన్నా కాదు. కథకు ఒక సాయంత్రం చాలు. నవలలో ఏళ్లు గడవాలి. ఆ ఏళ్లను లెక్కపెట్టే అలవాటు మనకు లేదు.

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం మీద నవల మొదలుపెట్టారనుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను కొట్టింది. ఎగిరిపోయిన రేకులు, కూలిన కొబ్బరిచెట్లు, వేళ్లతో లేచిన జీడిమామిడి... అంతవరకూ అందరూ బాగానే రాస్తారు. చిక్కంతా ఆ తర్వాతి అధ్యాయంలో. 2019 వానలకు నాటిన దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. మీ కథానాయకుడు 2021లో ఆ చెట్ల కాయలమ్మి చెల్లెలి పెళ్లి చేసేశాడా, ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు పాఠకుడు పుస్తకం అక్కడే మూసేస్తాడు. అదే ఆ ఆరేడేళ్లనూ పట్టుకుని చూడండి. కాపు లేని ఇంట్లో పొయ్యి దేనితో వెలిగింది? కుర్రాడు ఏ ఊరు వలస పోయాడు? అప్పు ఎవరిచ్చారు, ఏం తాకట్టు పెట్టించుకున్నారు? తుపాను రాత్రి ఒక కథకు సరిపోతుంది. నవల ఈ ప్రశ్నల దగ్గరుంది.

తీరం కథైనా అంతే. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. గుజరాత్ ఉన్న పడమటి తీరంలో జూన్, జూలై నెలలు. గుజరాత్‌లోని వీరావల్ రేవు బోట్ల మీదికి పోయే సిక్కోలు (శ్రీకాకుళం) మత్స్యకారుడు ఇంటిపట్టున దొరికేది ఆ పడమటి విరామం రోజుల్లోనే. పెళ్లిచూపులు, వాటాల తగువు, ఇంటికి సున్నం అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే ఇరుక్కోవాలి. డిసెంబరులో అతన్ని అరుగు మీద కూర్చోబెట్టారంటే ఎందుకొచ్చాడో చెప్పాలి. జబ్బా, చావుకబురా, బోటు యజమానితో గొడవా? చూశారా, ప్లాటు అడక్కుండానే వచ్చేసింది.

చిన్న తప్పులూ పరువు తీస్తాయి. 1979 జూన్ 1కి ముందు విజయనగరం జిల్లాయే లేదు, కాబట్టి 1975 నాటి అధ్యాయంలో విజయనగరం కలెక్టరు జీపు దిగకూడదు. 2022 ఏప్రిల్ 4 తర్వాత రాజాం మనిషి అర్జీ పట్టుకుని వెళ్లేది విజయనగరం కలెక్టరేటుకే, శ్రీకాకుళానికి కాదు. పైడితల్లి సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం తిరుగుతుంది. మీ అధ్యాయంలో శుక్రవారం తిరిగితే అమ్మవారు క్షమిస్తుందేమోగానీ విజయనగరం వాళ్లు క్షమించరు.

కిరాణా కొట్లో వాడే పొడుగు లెడ్జరు ఒకటి కొనండి. నిలువునా నెలలు, అడ్డంగా పాత్రలు. ప్రతి గడిలో మూడే ముక్కలు: వయసు, చేసే పని, చేతిలో డబ్బు. మూడో అధ్యాయంలో ఎనిమిదో తరగతి చదివే పిల్ల రెండేళ్లకే డిగ్రీలో చేరే తప్పు ఇక్కడే దొరికిపోతుంది. ఆపైన రోజుకు 400 మాటలు, వారానికి ఐదు రోజులు. 30 వారాల్లో 60 వేలు. మొదటి ప్రతి అయ్యేదాకా వెనక్కెళ్లి దిద్దొద్దు. తట్టిన తప్పును లెడ్జరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ముందుకు పోవాలి. మొదటి అధ్యాయాన్నే పదిసార్లు చెక్కిన నవలలు ఎన్ని అటకెక్కాయో!

నవల ఊహ కదా, పంచాంగంతో పనేమిటి అంటారు కొందరు. పట్టికలో ఉన్నదంతా పేజీల్లోకి దించితే నవల కాస్తా జిల్లా వివరాల గెజిటీరు అవుతుందన్నది ఒప్పుకోవాల్సిందే. నూటికి తొంభై వంతులు లెడ్జరులోనే ఉండిపోవాలి. ఊహకు మాత్రం నిలబడ్డానికి కాస్త నేల కావాలి కదా.

అచ్చు సంగతి క్లుప్తంగా. 60 వేల మాటలు డెమ్మీ సైజులో దాదాపు 14, 15 ఫారాలు (ఫారం అంటే 16 పేజీలు). యూనికోడ్ ఫైలును అచ్చుకోసం వాడే అను ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి, అందుకే ఆఖరి ప్రూఫు మార్చాకే చూడాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం రాతకోతలు లేని హక్కుల బదిలీ చెల్లదు, గడువు రాయకపోతే ఐదేళ్లే. ఒప్పందంలో 'శాశ్వతంగా' అన్న మాట కనిపిస్తే కొట్టేయించి, ఏళ్లు అంకెల్లో వేయించండి.

ఇంతకీ ఆ లెడ్జరు నింపడానికి సరుకేదీ? పాత పేపర్ల జిల్లా పేజీల్లో ఉంటుంది: జీడిపిక్కల ధర, వరద నీటిమట్టం, ఆగిపోయిన బస్సు. కథల కోసం కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. జిల్లా పేజీలకు అలాంటి ఇల్లేది? ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, పాత పేపర్లు తూకానికి పోతూనే ఉన్నాయి. రేపు మీ ఊరి గ్రంథాలయానికెళ్లి 2018 అక్టోబరు 12 నాటి పేపరు ఇమ్మని అడగండి. లేదని చెబితే, ఆ సంగతి రాసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి.