సవరణ: మా జార్జ్ టౌన్ ఇంటి స్తంభాలు పాలరాతివి కావు

చెన్నై జార్జ్ టౌన్‌లోని మా ముత్తాతగారి ఇంటి నిర్మాణం గురించి గతవారం పంచుకున్న వివరాల్లో, వసారా స్తంభాలు ఇటలీ పాలరాతివని రాశాను. అది నా పొరపాటు. పెచ్చూడిన చోట మేస్త్రీ చూపించినదాన్ని బట్టి, ఇంట్లో దొరికిన పాత ఖర్చుల పద్దును బట్టి, అవి ఇటుక స్తంభాలే. వాటిపై ఉన్నది మద్రాసు సున్నం: ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నాన్ని 3 పూతలుగా వేసి, చివరి పూతలో గుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి, బలపపు పొడి వంటివి కలిపి, నున్నటి రాళ్లతో ఓపికగా రుద్దితే పాలరాతి మెరుపే వస్తుంది. (నాయనమ్మ వాటిని సున్నపు స్తంభాలనే అనేది, వినిపించుకోనిది నేనే.) మిద్దె విషయంలో మార్పు లేదు, అది టేకు దూలాలపై ఇటుకలను ఐమూలగా నిలబెట్టి సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్సే.